బర్‌కి పోయేది వాళ్ళ సెలవుకి, మన సెలవుకి కాదు

నవంబరు సగానికి వచ్చిందంటే ముబారక్ అల్ కబీర్‌లో ఇళ్ళ ముందు సామాను బయటపడుతుంది. గుడారం గుడ్డలు, ఇనుప కమ్మీలు, తివాచీలు, జెనరేటరు, బొగ్గుల మూటలు. ఖుసూర్‌లో, ఖురైన్‌లో, అదాన్‌లో ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళకి వెంటనే అర్థమైపోతుంది, బర్‌కి పోయే కాలం వచ్చిందని. బలదియా అనుమతితో నవంబరు 15 ప్రాంతం నుంచి మార్చి 15 దాకా ఎడారిలో ఖైమాలు వేసుకుంటారు. ఎండాకాలంలో నిప్పులు కురిసే దేశం ఇది. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి చోట చల్లగాలి వీచే నాలుగు నెలల్ని పండగలా చూసుకుంటారంటే తప్పేం లేదు. వాళ్ళ తాతల కాలం నుంచి ఉన్న అలవాటు, వాళ్ళ సంతోషం.

నేను చెప్పదలుచుకున్నది వేరే సంగతి. ఊళ్ళో ఉన్న అమ్మలూ, అత్తలూ, అన్నదమ్ములూ, మీరు కూడా వినండి. రాయచోటి నుంచో, రాజంపేట నుంచో, గోదావరి జిల్లాల నుంచో వచ్చిన మీ అమ్మాయి ఇసుకలో, ఖైమా ముందు నిలబడి ఫోటో పెడుతుంది. "దానికేమమ్మా, పిక్నిక్కులు తిరుగుతా ఉంది" అని మీరు అనుకుంటారు. మరుసటి రోజే "ఇంకో పదివేలు పంపు" అని మెసేజ్ పోతుంది. ఆ ఫోటోకి ముందూ వెనకా ఏం జరిగిందో ఎవరూ అడగరు.

ఇంట్లో అయితే వంటగది ఉంటుంది, కుళాయి ఉంటుంది, తలుపేసుకునే గది ఉంటుంది. బర్‌లో ఇవేవీ ఉండవు. నీళ్ళు ట్యాంకరుతో రావాలి. ఇరవై మందికి మచ్‌బూస్ వండాలి, గిన్నెలు కొలిచి పోసుకున్న నీళ్ళతో కడగాలి, గాలి వస్తే తివాచీల మీద ఇసుక మళ్ళీ మళ్ళీ దులపాలి. అర్ధరాత్రి దివానియా ముగిసేదాకా చాయ్, గహ్వా అందుతూనే ఉండాలి. అందరూ పడుకున్నాక మనం పడుకునేది సామాను ఖైమాలో. జనవరి రాత్రుల్లో అక్కడి చలి సున్నాకి దగ్గరగా పోతుంది.

అందుకే అంటున్నాను, బర్‌లో గడిపిన రోజు పనిదినమే. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్ళకి రోజుకి 12 గంటలకి మించి పని చెప్పకూడదంటుంది, మధ్యలో విశ్రాంతి ఉండాలంటుంది, వారానికి ఒక సెలవు, ఏడాదికి జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. మన ఒప్పుకోలు లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదంటుంది. "నిన్ను బర్‌కి తీసుకుపోయాం కదా, ఈ వారం నీకు సెలవు అయిపోయింది" అనే మాట చాలా ఇళ్ళల్లో వినపడుతుంది. ఆ లెక్క తప్పు. యజమాని సెలవులో మనం చేసిన పని మన సెలవు అవ్వదు.

ఈత కొలను సంగతి ఇంకొకటి. ఖైమా వద్దనుకున్నవాళ్ళు వఫ్రా వైపు మజ్రాలు, సముద్రం ఒడ్డున షాలేలు అద్దెకి తీసుకుంటారు. అక్కడ కొలను ఉంటుంది. పిల్లలు దూకుతారు, పెద్దలు లోపల మాటల్లో ఉంటారు, గట్టు మీద కాపలా మన మనిషి. ఆమెకి ఈత రాదు. నల్లమల అంచున మహానందిలో ఊట నీళ్ళ కోనేట్లో అందరం మునిగినవాళ్ళమే. ఎండాకాలంలోనూ తగ్గని నీళ్ళు, అడుగున నాణెం కనపడేంత తేట. అక్కడ మెట్టు మీద నిలబడి మునకేయడం వేరు, లోతు కొలనులో పడిన పిల్లాణ్ణి బయటికి లాగడం వేరు. ఈత రాని మనిషిని కాపలా పెట్టడం ఆ పిల్లలకీ ప్రమాదమే. "మామా, నాకు ఈత రాదు, పెద్దవాళ్ళు ఒకరు ఇక్కడ ఉండాలి" అని మొదటి గంటలోనే చెప్పేయండి. ఇందులో సిగ్గుపడేది లేదు.

బొగ్గుల కుంపటి విషయంలో అసలు మొహమాటం వద్దు. మూసిన ఖైమాలో కుంపటి పెట్టుకుని పడుకుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, మత్తుగా నిద్ర, అంతే. చలి ఎంతున్నా కుంపటి బయట పెట్టి, ఇంకో దుప్పటి అడగండి. ఇసుకలో తెలియని ఇనుప వస్తువు కనపడితే ముట్టుకోకండి. 1990, 91 యుద్ధం నాటి పేలని గుండ్లు ఇంకా బయటపడుతుంటాయి. దేనికైనా అత్యవసర నంబరు 112.

అందరు యజమానులూ ఒకటి కాదు. తమతో పాటు పళ్ళెం పెట్టి కూర్చోబెట్టే ఇళ్ళున్నాయి, బర్ నుంచి వచ్చిన మర్నాడు "పడుకో" అనే మామాలున్నారు. వాళ్ళని తలుచుకుంటే మనసు నిండుతుంది. కానీ మంచి ఇల్లు దొరకడం అదృష్టం మీద ఆధారపడకూడదు, అందుకే కదా చట్టం ఉన్నది.

ఇక్కడి మన సంఘాలకీ ఒక మాట. ఈ చలికాలమే కార్తీక వనభోజనాల కాలం కూడా. పిలుపులు ఫ్యామిలీ వీసాల వాళ్ళకే పోతున్నాయి. ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకి ముందుగా తేదీ చెప్పి, బండి ఏర్పాటు చేస్తే, ఆ రోజుకి సెలవు అడుక్కునే ధైర్యం వాళ్ళకి వస్తుంది. విస్తరి ముందు కూర్చుంటే ఇంకొకరు వడ్డించే పూట వాళ్ళకి ఏడాదికి ఒక్కటైనా ఉండాలి.

ఊళ్ళో వాళ్ళారా, ఈసారి ఎడారి ఫోటో వస్తే డబ్బు మాట తర్వాత. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావమ్మా, తిన్నావా" అని ముందు అడగండి.