చుట్టపుచూపు నేరమా?

యాత్రల గురించి రాసేవాళ్లలో ఈమధ్య ఒక తీర్పు స్థిరపడిపోయింది. పొద్దున వచ్చి పొద్దుగుంకేలోగా వెళ్లిపోయే యాత్రికుడు పాత పట్నాలకు పట్టిన చీడ అట; నాలుగు రోజులు మకాం వేసి ఊరివాడిలా మసలేవాడు ఉత్తముడట. వెనిస్ నగరం 2024లో పగటి యాత్రికుల మీద ప్రవేశ రుసుము వేసి, రాత్రి బస చేసేవాళ్లకు మినహాయింపు కూడా ఇచ్చింది. యూరప్ ప్యాకేజీ టూర్లకు వెళ్లొచ్చే మనవాళ్లకూ ఈ సుద్దులు తప్పడం లేదు. కానీ క్రొయేషియాలో ఆడ్రియాటిక్ తీరం వెంట డుబ్రోవ్నిక్ నుంచి స్టొన్ మీదుగా కోర్చులా దాకా ఒక్కరోజులో చుట్టివచ్చే ప్రయాణాన్ని తీసుకుని చూస్తే ఈ తీర్పు తలకిందులుగా ఉందని తేలుతుంది. ఈ మధ్యయుగపు పట్నాలను ఖాళీ చేస్తున్నవి రాత్రి మంచాలు.

డుబ్రోవ్నిక్ కోటగోడ పొడవు రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. దాని లోపల 1991లో దాదాపు 5,000 మంది కాపురం ఉండేవారు. ఇప్పుడు 1,500 చుట్టుపక్కలే. కొందరిని 1991–92 యుద్ధకాలపు ముట్టడి తరిమింది, నిజమే. కానీ గుండ్లు పడి పగిలిన కప్పులకు కొత్త పెంకులు పరిచాక కూడా జనం తగ్గుతూనే వచ్చారు. బాగుపడిన ఇల్లు అద్దెగదిగా మారింది, ఇంటివాళ్లు గోడ బయటి పేటలకు తరలిపోయారు. క్రొయేషియాలో ఇళ్లలో గదులు అద్దెకిచ్చేవాళ్లు ఆదాయాన్ని లెక్కగట్టి పన్ను కట్టనక్కర్లేకుండా, ఏడాదికి మంచానికింత అని చెల్లిస్తే సరిపోయే పద్ధతి ఉంది. అలాంటప్పుడు నెల అద్దెకు కుటుంబాన్ని పెట్టుకునేదెవరు? కాపురాలు పోయాక కిరాణా కొట్టు పోతుంది, దాని చోట బొమ్మల దుకాణం వెలుస్తుంది. పగటి యాత్రికుడు వీధిలో నడుస్తాడు, మంచినీళ్లు కొంటాడు, గోడ ఎక్కి దిగుతాడు. ఒక్క గడపనూ ఆక్రమించడు.

ఈ ఊళ్ల పాత నడవడి కూడా ఇదే చెబుతుంది. డుబ్రోవ్నిక్ గణరాజ్యంగా ఉన్నకాలంలో పగలంతా వర్తకులకు తలుపులు బార్లా తెరిచేవారు. రాత్రయితే కోటలోని పీలే ద్వారం వంతెన ఎత్తేసి, తాళాలు గణరాజ్య అధిపతి అయిన రెక్టర్ మందిరంలో అప్పగించేవారు. బేరం పగటిది, రాత్రి ఊరివాళ్లది. ఆ ఏర్పాటులోని వివేకాన్ని మరిచి, పగటివాడిని దండించి రాత్రివాడిని సన్మానించడం వింత కాదా?

పగటి యాత్రికుడు కూడా ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదా అని అడగవచ్చు. పడుకోవాలి, అది గోడ బయట హోటల్‌గానే కట్టిన చోటైతే ఎవరి ఇల్లూ పోదు. ఓడలు వేలమందిని ఒక్కసారిగా దించితే ఊపిరాడదు కదా అంటారు. అది వేళల సమస్య, దానికి మందు ఉంది. ఒకేసారి రెండు ఓడలకూ 4,000 మందికీ మించకుండా చూడాలని డుబ్రోవ్నిక్ 2019లో పద్ధతి పెట్టుకుంది. రాత్రి బస చేసేవాడు ఎక్కువ ఖర్చు పెడతాడన్నది మరో వాదన. కాదనం, కానీ అందులో పెద్దవాటా గది అద్దెదే. ఆ అద్దె మీది ఆశే కాపురాన్ని ఊరు దాటిస్తోంది. పగటివాడు కొనే కోటగోడ టికెట్ డబ్బుతో మాత్రం, 1952లో ఏర్పడిన పురాతన కట్టడాల మిత్రుల సంఘం ఆ గోడలకే మరమ్మతులు చేయిస్తోంది.

ఒక్కరోజులో ఏం తెలుస్తుందన్నది చివరి ఆక్షేపణ. కోర్చులా వీధులు చేప ముల్లులా సాగుతాయి. నడుమ ఒక వీధి, దానికి రెండు పక్కలా సందులు. పడమటి సందులు వేసవి గాలిని లోపలికి రానిచ్చేలా తిన్నగా ఉంటాయి. తూర్పువి చలికాలపు బూరా గాలి విసురును విరిచేలా వంపు తిరుగుతాయి. రెండు వైపులా దిగి ఎక్కి చూడటానికి ఒక గంట చాలు. స్టొన్‌లో ఊరు చిన్నది, గోడ అయిదు కిలోమీటర్లకు పైనే. ఇంత పల్లెకు అంత కోట ఎందుకో కింది ఉప్పుమడులను చూస్తే అర్థమవుతుంది. 1333లో స్టొన్ ఉన్న ద్వీపకల్పాన్ని కొన్న డుబ్రోవ్నిక్ పాలకులు తమ బొక్కసం నింపే ఉప్పును కాచుకోవడానికే ఆ గోడను కట్టించారు. వెళ్లేముందు చదువుకున్నవాడికి ఒక్క పగలు చాలు; చదవనివాడికి వారం బస చేసినా కిటికీలోంచి సముద్రమే కనిపిస్తుంది.

కాబట్టి రుసుము వేయదలచినవాళ్లు ముందు మంచాలను లెక్కపెట్టాలి. ఒక వీధిలో ఎన్ని ఇళ్లు అద్దెగదులు కావచ్చో హద్దు గీయాలి, మంచం పన్నును అసలు ఆదాయానికి ముడిపెట్టాలి, ఏడాది పొడవునా కాపురం ఉండేవాళ్లకు రాయితీ ఇవ్వాలి. డుబ్రోవ్నిక్ నగరపాలన పాతపట్నంలో కొత్త అద్దెగదుల అనుమతులను ఆపే దారి పట్టింది. మిగతా తీరపట్నాలు అనుసరించదగ్గ దారి అది. చుట్టపుచూపుగా వచ్చినవాడిని తప్పుపట్టడం తేలిక, ఎందుకంటే వాడికి అక్కడ ఓటు లేదు. ఇంటి యజమానికి ఉంది.