పిన్నూడిన భాగోతం

మొన్న రుద్రూర్‌లో మా ఇంటి అటక మీది సందూక దింపితే చెర్విరాల భాగయ్య యక్షగానం ఒకటి బయటపడింది. పిన్నులు తుప్పుపట్టి ఊడిపోతే ఎవరో నూలుదారంతో కుట్టుకున్నారు. దరువుల పక్కన పెన్సిల్ గీతలు, ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో గుర్తులు. బొమ్మ అట్ట మీద ఒక్కటే. అదీ మసి మసిగా.

ఫ్రెంచివాళ్లు తమ నాటకాలను ఎంత మురిపెంగా అచ్చేసుకున్నారో తెలిశాక, ఈ పుస్తకం చూస్తే మనసు కలుక్కుమంది. మోలియేర్ మనకు కొత్తవాడేం కాదు, రాజమండ్రి భమిడిపాటి కామేశ్వరరావు ఆయన ప్రహసనాలను మన ఇళ్లల్లోకి తెచ్చినవాడే. 1734లో పారిస్‌లో ఆ మోలియేర్‌ను బూషే బొమ్మలతో ఆరు పెద్ద సంపుటాలుగా వేశారు. చిత్రమేమంటే, మోలియేర్ పోయింది 1673లో, బూషే పాత్రలకు తొడిగింది మాత్రం తన కాలపు బట్టలు. అందంగానే ఉంటాయి గానీ, మోలియేర్ ఆట ఎట్లా కట్టాడో వాటిలో వెతుక్కోవద్దు.

కార్నెయ్ నాటకాల సంగతి ఇంకా తమాషా. 1764లో వోల్టేర్ వాటిని గ్రావెలో బొమ్మలతో 12 సంపుటాలు వేయించాడు. చందాలు ముందే కట్టించుకున్నాడు, రాజు పదిహేనో లూయీ కూడా కట్టాడు. ఆ పైసలు కార్నెయ్ వంశంలోని ఒక పేదపిల్ల కట్నానికి. నాటకాలు అమ్మి పిల్ల పెండ్లి చేశారన్నమాట!

మనకు తోలు అట్టలు, బంగారు అంచులు అక్కర్లేదు. అద్దాల బీరువాలో పెట్టి తాళమేసే పుస్తకం నాకైతే వద్దే వద్దు. కానీ ఇట్లాంటి యక్షగానాలాడే చిందు భాగోతం వేషం ఒక్కటన్నా సరిగ్గా గీసిపెట్టాలె. మొహానికి అర్దళం ఎట్లా పూస్తారు, పొనికి కట్టెతో కిరీటం, భుజకీర్తులు ఎట్లా చేస్తారు, ఏ దరువుకు ఏ అడుగు? బోధన్ పక్క అమ్దాపూర్‌లో ఆ వేషాలు కట్టిన చిందుల ఎల్లమ్మ ఉన్నన్నాళ్లూ, గీసేవాడు వెళ్లి ఎదురుగా కూర్చుంటే సరిపోయేది. ఆమె 2005లో పోయింది. వేషం కట్టే ఇళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నాయి. బూషేలాగా ఊహించి గీసే గతి మనకింకా పట్టలేదు.

అట్లాంటి బొమ్మల పుస్తకం వేస్తామంటే, వోల్టేర్ చందా పద్ధతికి నేను ముందుంటాను. మొదటి ప్రతి మాత్రం వేషం కట్టినవాళ్ల చేతికే పోవాలె.

మీ అటక మీద ఇట్లాంటి పుస్తకం ఉంటే పాత కాయితాలవాడికి తూకానికి వేయకండి. పెన్సిల్ గీతలున్నాయేమో ఒకసారి తిప్పి చూడండి.