ఇది వీసా మెడికల్ కాదని చెప్పండి

దోహాలోని భారత రాయబారి గారికి,

అల్ రయ్యాన్ విల్లాల్లో ఇంటిపని చేసుకునే మన గోదావరి, కడప జిల్లాల ఆడవాళ్ల గురించి ఈ ఉత్తరం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకోమంటే వాళ్లు వెనకాడేది సిగ్గుతో మాత్రమే కాదు. గల్ఫ్‌కు వచ్చినవాళ్లకు వీసా కోసం చేసే ‘మెడికల్’ పరీక్ష అంటే కొలువు నిలబెట్టేదో, ఊడగొట్టేదో. ఎక్స్‌రేలో మచ్చ పడితే అన్‌ఫిట్, ఇక తిరుగు టికెట్టే. బాగానే ఉన్నదాన్ని, నా అంతట నేనే పోయి పట్టుబడనా అంటారు. ఆ భయాన్ని అమాయకత్వం అనలేను.

ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టుతో ఇంటిపనికి గల్ఫ్ రావాలంటే మన నిబంధనల ప్రకారం స్త్రీకి 30 ఏళ్లు నిండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరీక్ష మొదలుపెట్టమన్న వయసు కూడా 30. అంటే మనం ఇలా పంపినవాళ్లంతా ఈ పరీక్ష అవసరమైనవాళ్లే.

ఈ జబ్బు లక్షణం కావచ్చని తెలియక, తెల్లబట్ట ఎక్కువైతే ‘వేడి చేసిందిలే’ అని సగ్గుబియ్యం జావ తాగి ఊరుకుంటారు. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడినా అంతే. ఆస్పత్రికి వెళ్లాలంటే మేడమ్‌కి చెప్పాలి, డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్లాలి, కౌంటర్ దగ్గర రాని భాషలో ఆ మాట పైకి అనాలి. ‘మొగుడు పోయి పదేళ్లయింది, నాకెందుకొస్తుంది?’ అనేవాళ్లూ ఉన్నారు. లైంగికంగా సోకే హెచ్‌పీవీ అనే వైరస్ ఒంట్లో చేరిన చాలా ఏళ్లకు గానీ ఈ క్యాన్సర్‌కు దారితీయదనీ, ముందే పసిగడితే చాలామందికి గర్భసంచి తీయకుండానే నయమవుతుందనీ వాళ్లకు చెప్పేదెవరు?

ఖతార్‌లో వైద్యానికి లోటు లేదు. 2017 నాటి 15వ నంబరు చట్టం ఇంటిపనివాళ్లకు వారానికొక రోజు జీతంతో కూడిన సెలవు, జబ్బు చేస్తే వైద్యం ఇవ్వాలంటోంది. జబ్బు రాకముందు చేయించుకోవాల్సిన పరీక్షకు మాత్రం యజమాని దయే దిక్కు.

అలాగని దీన్ని వీసా మెడికల్‌లో చేర్చమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. అన్‌ఫిట్ చేయడానికి ఇంకో వంక దొరుకుతుంది, అంతే.

ఇక్కడి భారతీయుల సంక్షేమ సంస్థ ఐసీబీఎఫ్ పెట్టే వైద్య శిబిరాల్లో ఈ పరీక్షకు చోటివ్వండి. ఎవరి నమూనా వాళ్లే బాత్‌రూమ్‌లోకి వెళ్లి తీసుకునే హెచ్‌పీవీ పరీక్ష ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది కూడా. ఫలితం ఆమెకే చెప్పాలి, మేడమ్‌కు కాదు. వీసాకూ దీనికీ సంబంధం ఉండదని ఖతార్ ఆరోగ్యశాఖతో మాట్లాడి కాగితం మీద రాయించండి. పాజిటివ్ వచ్చినామెకు ఇక్కడే చికిత్స జరగాలి. ఇంటికే వెళ్తానంటే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో చూపించుకునేలా రిపోర్టులన్నీ చేతికిచ్చి పంపాలి.

వచ్చే శిబిరం కరపత్రంలో బీపీ, షుగర్‌ల పక్కన ఈ పరీక్ష పేరు కూడా వేయించండి. తెలుగులో వేయించండి.

ఇట్లు,
అల్ రయ్యాన్‌లో ఉంటున్న ఒక తెలుగు గృహిణి