చెట్టు చూడని సలహా

మామిడి తోటకు ఇప్పుడు నీళ్లు పెట్టాలా, వద్దా? నూజివీడు ప్రాంతంలోని చాట్రాయి మండలంలో అనుభవమున్న ఏ రైతునడిగినా వెంటనే జవాబు చెప్పడు. ముందు చెట్టు ఎలా ఉందని అడుగుతాడు. పూతకు ముందు నీళ్లు పెడితే పూతకు బదులు చిగురు తోసుకొస్తుంది, ఆ ఏడు కాపు దెబ్బతింటుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్లు పెట్టకపోతే రాలిపోతుంది. ప్రశ్న ఒకటే అయినా జవాబులు రెండు, రెండూ నిజమే. మన తోటకు ఏది వర్తిస్తుందో చెట్టు చూసినవాడే చెప్పగలడు.

ఈ తోటల్లో పెరిగిన పిల్లలు ఇప్పుడు నూజివీడు ట్రిపుల్ ఐటీలోనో, విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లోనో చదువుతున్నారు. వాళ్ల చేతిలోని ఫోన్లో మరో రకం సలహా అమ్మకానికి ఉంది. పెద్ద కంపెనీలో పేరు తెచ్చుకున్న ఇంజినీరు, లక్షల మంది అనుచరులున్న స్టార్టప్ వ్యవస్థాపకుడు తన ఇన్‌బాక్స్‌కు రేటు కడతాడు. ఆ సొమ్ము చెల్లించి ప్రశ్న పంపితే జవాబు వస్తుంది. టాప్‌మేట్ లాంటి వేదికలు ఇలాంటి సందేశాలకు ‘ప్రయారిటీ డీఎం’ అని పేరు పెట్టాయి. ఏ కోర్సు చేయాలి, ఉద్యోగం మారాలా, అమెరికా వెళ్లాలా, ఉన్న ఊళ్లోనే కంపెనీ పెట్టాలా అన్న ప్రశ్నలకు నాలుగు వాక్యాల జవాబు ఇలా కొనుక్కోవచ్చు.

ఉచితం అంత ఉచితం కాదు

జ్ఞానాన్ని అమ్ముకుంటున్నారని దీన్ని కొట్టిపారేయడం తేలిక. కానీ ఉచిత సలహా ఖరీదేమిటో మామిడి రైతుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పూత మీద తేనెమంచు పురుగు కనిపించిందని మందుల కొట్టుకు వెళితే సలహాకు ఎవరూ పైసా అడగరు. ఒక డబ్బా సరిపోయే చోట మూడు డబ్బాలు చేతిలో పెట్టి పంపే అవకాశం మాత్రం ఎప్పుడూ ఉంటుంది. సలహాకు మనం డబ్బు కట్టకపోతే ఇంకెవరో కడుతున్నారనే అర్థం. ఆ కట్టేవాడు మందుల కంపెనీ అయితే జవాబు మందు వైపే మొగ్గుతుంది.

ఈ వ్యాపారాన్ని సమర్థించడానికి మరో న్యాయమైన కారణమూ ఉంది. హైదరాబాద్ మాదాపూర్‌లో పెరిగిన కుర్రాడికి బాబాయో, పక్క ఫ్లాట్‌లోని అంకులో ఏదో ఒక టెక్ కంపెనీలో ఉంటారు. అతనికి ఆదివారం కాఫీ తాగుతూ దొరికే సలహా చాట్రాయి మండలంలోని చనుబండలోనో జనార్దనవరంలోనో కూలి చేసుకునే ఇంటి బిడ్డకు దొరకదు. పరిచయాలతో మాత్రమే తెరుచుకునే తలుపు కంటే, అందరికీ ఒకే రేటు రాసి పెట్టిన తలుపు కొంత నయమే. రోజుకు వందల సందేశాలొచ్చే మనిషి అన్నిటికీ జవాబివ్వలేడు, ఏదో ఒక జల్లెడ పట్టక తప్పదు.

కాబట్టి డబ్బు తీసుకోవడం దానికదే తప్పు కాదు. ఆ డబ్బుకు మన చేతికి ఏమొస్తోందన్నదే ప్రశ్న.

తలుపు, జవాబు, చూపు

ఈ వ్యాపారం మొదలై పదేళ్లు దాటింది. 2013 జనవరిలో ఫేస్‌బుక్ ఒక ప్రయోగం చేసింది. పరిచయం లేనివారు మార్క్ జుకర్‌బర్గ్ ఇన్‌బాక్స్‌లోకి నేరుగా సందేశం పంపాలంటే 100 డాలర్లు కట్టమని కొందరికి చూపించింది. ఆయన చదువుతారన్న హామీ గానీ, జవాబిస్తారన్న హామీ గానీ లేదు. అక్కడ అమ్మింది తలుపు తట్టే హక్కు ఒక్కటే. ఆ తర్వాత టెక్ వ్యవస్థాపకుడు బాలాజీ శ్రీనివాసన్ నడిపిన ఎర్న్.కామ్ వేదిక ఒక మెట్టు పైకెక్కింది. అందులో జవాబు రాస్తేనే డబ్బు అందేది. 2018 ఏప్రిల్‌లో ఆ కంపెనీని క్రిప్టో సంస్థ కాయిన్‌బేస్ కొనేసింది. 2025 మార్చిలో టెలిగ్రామ్, పరిచయం లేనివారు పంపే సందేశాలకు రేటు పెట్టుకునే వీలును తన వాడుకరులకు ఇచ్చింది. ఇన్‌బాక్స్‌కు గేటు పెట్టి రుసుము వసూలు చేయడం ఇప్పుడు ఒక మామూలు సెట్టింగ్.

మొదట తలుపు అమ్మారు, తర్వాత జవాబు అమ్మారు. అడిగినవాడి పరిస్థితిని నిలబడి చూడటం మాత్రం ఈ ధరలో లేదు. అసలు అవసరమేమో దానిదే.

పేరున్న మనిషి అందరికీ చెప్పగలిగింది ఇప్పటికే బయట దొరుకుతోంది. ఇంటర్వ్యూల్లో, ప్రసంగాల్లో, పుస్తకాల్లో చెప్పేశాడు. నీ ఒక్కడికే పనికొచ్చే మాట చెప్పాలంటే నీ మార్కులు, నువ్వు రాసిన కోడ్, నీ ఇంటి అప్పు, నీ చెల్లెలి చదువు అన్నీ తెలియాలి. నాలుగు వాక్యాల సందేశంలో అవి పట్టవు. దాంతో డబ్బు కట్టి తెచ్చుకున్న జవాబు రెంటికీ చెడుతుంది. ఉచితంగా దొరికే సామాన్య సూత్రానికి పైన మన పేరు తగిలించి పంపినట్టుంటుంది.

అడిగినవాడికి ఆ తేడా వెంటనే తెలియదు. మామిడిలో తప్పు సలహా నాలుగు నెలల్లో కాపు దగ్గర బయటపడుతుంది. చదువులో, ఉద్యోగంలో తప్పు సలహా బయటపడటానికి నాలుగేళ్లు పడుతుంది. అప్పటికి సందేశం ఎక్కడుందో కూడా గుర్తుండదు.

గెలిచినవాడి దారి కాలానికి కట్టుబడి ఉంటుందన్నది మరో చిక్కు. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్లనే తీసుకుందాం. ఆయన సలహాలు అమ్ముకోవడం లేదు, ఇది ఉదాహరణ మాత్రమే. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరిన ఆయన, భార్య అమెరికా రావడానికి వీలుగా 1994లో చేతిలో ఉన్న గ్రీన్‌కార్డునే వదులుకుని హెచ్‌-1బీ వీసాకు మారానని తన పుస్తకంలో రాశారు. ఆనాడు అది తెలివైన ఎత్తు. 2025 సెప్టెంబర్‌లో అదే వీసా కొత్త దరఖాస్తుల మీద అమెరికా అధ్యక్షుడు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ముప్పై ఏళ్ల కిందటి దారి చూపించి ఇవాళ నడవమంటే, పూతకు ముందు చెప్పాల్సిన మాట పిందె కట్టాక చెప్పినట్టే. కీర్తి రావడానికి కాలం పడుతుంది. అది వచ్చేసరికి ఆ కీర్తి తెచ్చిన దారి మూసుకుపోయి ఉండొచ్చు. ట్రిపుల్ ఐటీలో రెండేళ్లు ముందు చదివి నిన్న ఉద్యోగంలో చేరిన సీనియర్‌కు పేరు లేదు గానీ, ఈ ఏడు ఇంటర్వ్యూలో ఏం అడిగారో తెలుసు.

ఒకరు అడిగితే ఊరంతా విన్న కాలం

ఉత్తరం రాసి సలహా అడగడం తెలుగువారికి కొత్త కాదు. అలాంటి ఉత్తరాలకు జవాబివ్వడంలో పెట్టింది పేరైన రచయిత్రి మాలతీ చందూర్ పుట్టింది నూజివీడులోనే. ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను 1950ల నుంచి దశాబ్దాల పాటు నడిపారు. ‘స్వాతి’లో ‘నన్ను అడగండి’ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చారు. విజయవాడకు చెందిన డాక్టర్ సమరం, ఇంట్లో ఎవరినీ అడగలేని ప్రశ్నలకు పత్రికల్లో జవాబులు చెప్పారు. వాళ్లూ అడిగినవారిని చూడలేదు. ఆ ప్రశ్నలూ నాలుగు వాక్యాలవే. మరి తేడా ఎక్కడుంది?

జవాబు అచ్చయ్యేది. ఒకరు పోస్టు ఖర్చు పెట్టుకుని అడిగితే వేలమంది చదివేవారు. అడగడానికి ధైర్యం చాలని అమ్మాయి కూడా ఇంకో ఊరి అమ్మాయి ప్రశ్నలో తనను చూసుకునేది. జవాబు తప్పయితే తర్వాతి వారం మరో పాఠకురాలు నిలదీసే వీలుండేది. సామాన్య సూత్రాన్ని సామాన్య సూత్రంగానే అందరి ముందు చెప్పడం అది. ఇప్పటి సందేశం అదే సూత్రాన్ని తాళం వేసి ఒక్కొక్కరికి విడివిడిగా అమ్ముతోంది. ఒకే ప్రశ్నకు వెయ్యిమంది వెయ్యిసార్లు డబ్బు కడుతున్నా, ఎవరికేం చెప్పారో పక్కవాడికి తెలియదు.

డబ్బు తీసుకుంటూనే తలుపు తెరిచి ఉంచిన పద్ధతీ ఉంది. 2016లో చైనాలో మొదలైన ‘ఫెన్‌డా’ వేదికలో ప్రశ్నకు ప్రముఖులు నిమిషం నిడివి గల గొంతు సందేశంతో జవాబిచ్చేవారు. ఇతరులు ఒక యువాన్ కట్టి దాన్ని వినగలిగేవారు. ఆ సొమ్ము అడిగినవాడికీ, జవాబిచ్చినవాడికీ సమానంగా వెళ్లేది. మంచి ప్రశ్న వేసినవాడికి పెట్టిన ఖర్చు తిరిగొచ్చే వీలుండేది. సినీ తారల ముచ్చట్ల వైపు అదీ జారింది గానీ, జవాబును నలుగురి ముందు పెట్టాలన్న ఆలోచన మాత్రం గట్టిది.

అడగకుండానే వచ్చిన సలహా

దూరం నుంచి సలహా చెప్పడం అసాధ్యమా? కాదని ఇరవై ఏళ్ల కిందటే మన గడ్డ మీద రుజువైంది. 2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఆచార్యుడు పి.కృష్ణారెడ్డి బృందం ‘ఈ-సాగు’ను మొదలుపెట్టింది. అప్పటి వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలో మూడు ఊళ్లలోని 1,051 పత్తి చేలను ఎంచుకున్నారు. ఊరి కుర్రాళ్లే సమన్వయకర్తలుగా చేలోకి వెళ్లి ఫొటోలు తీసేవారు. నెట్ సరిగా లేని రోజులు కాబట్టి ఫొటోలను సీడీల్లో వేసి కొరియర్‌లో హైదరాబాద్ పంపేవారు. శాస్త్రవేత్తలు ఒక్కో చేను చరిత్ర ముందు పెట్టుకుని ఆ చేనికే సలహా రాసేవారు.

అందులో అసలు తెలివి ఫొటోల్లో లేదు. రైతు ప్రశ్న అడగనక్కర్లేదన్న దాంట్లో ఉంది. తెగులు ముదిరాకే రైతుకు ప్రశ్న పుడుతుంది, చూసేవాడికి ముందే కనిపిస్తుంది. మన పిల్లల సంగతీ అంతే. ఊరి బడి నుంచి వచ్చిన పిల్లకు తనకేం తెలియదో తెలియదు కాబట్టి ‘ఏ కోర్సు మంచిది’ అని అడుగుతుంది. ఆమె అడగాల్సిన ప్రశ్న అది కాకపోవచ్చు. రాసిన కోడ్, చేసిన ప్రాజెక్టు చూసినవాడైతే ‘కోర్సు సంగతి తర్వాత, ముందు ఇది సరిచెయ్యి’ అంటాడు. డబ్బు కట్టాల్సింది ఆ చూపుకు.

బాధ్యత ఎవరిది?

డాక్టరు వాట్సాప్‌లో సలహా చెప్పినా దానికి కట్టుబాట్లున్నాయి. కేంద్రం 2020 మార్చి 25న తెచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అక్షర సందేశంతో వైద్యాన్ని అనుమతించాయి. ఫీజు తీసుకోవచ్చన్నాయి. రిజిస్ట్రేషన్ నంబరు చూపించాలనీ, సందేశంతో తేలకపోతే రోగిని నేరుగా రమ్మనాలనీ చెప్పాయి. చూడకుండా చెప్పలేని చోట ఆగిపోవడం డాక్టరు విధి. టెక్ గురువుకు అలాంటి విధి లేదు. ఆగిపోతే డబ్బు రాదు కాబట్టి ఏదో ఒకటి చెప్పే ప్రలోభం మాత్రం ఉంది. జవాబు రాసింది ఆయనా, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడా, యంత్రమా అన్నదీ కొన్నవాడికి తెలియదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో సేవలు అమ్మే వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. దానికి తోడు వేదికలు మూడు పనులు చేస్తే చాలు. జవాబు ఎవరు రాశారో చెప్పాలి. సలహా ఇచ్చేవాడు ఏ కోర్సు అమ్ముతున్నాడో, ఏ కంపెనీలో వాటా ఉందో ముందే రాసి పెట్టాలి. ‘ఇది సందేశంలో తేలేది కాదు’ అని నిజాయతీగా చెప్పినవాడి వల్ల అడిగినవాడు నష్టపోకుండా డబ్బు వెనక్కివ్వాలి.

మన చేతిలో ఉన్న పనీ ఒకటుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. పదో తరగతి తర్వాత ఆరేళ్ల చదువు, పిల్లల్లో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవారే. తొలి బ్యాచ్ బయటికొచ్చి పదేళ్లు దాటింది. ఒక్కో పూర్వ విద్యార్థి ఏడాదికి ఇద్దరు పిల్లల పనిని దగ్గరుండి చూసి, చెప్పిన మాటలను పేర్లు తీసేసి అందరూ చదివేలా ఒకచోట పెడితే, చాట్రాయి పిల్లకు చూపూ దొరుకుతుంది, ‘ప్రమదావనం’ పాఠకులకు దొరికిన మేలూ దొరుకుతుంది.

అప్పటిదాకా ఎవరైనా సందేశానికి డబ్బు కట్టే ముందు చాట్రాయి రైతు పద్ధతినే పాటించవచ్చు. తోట గురించి అడగగానే జవాబు చెప్పేసినవాడిని అతను నమ్మడు. చెట్టు దాకా నడిచి, కొమ్మ వంచి, మొగ్గ చిదిమి చూసి, ‘కిందటేడు ఏం కొట్టావు?’ అని ఎదురు ప్రశ్న వేసినవాడి మాటే వింటాడు.