అక్క ఇంటికి పది నిమిషాల దూరంలో

అమెరికా వెళ్లే తెలుగు కుటుంబం ఇంటి వేట ఇప్పుడు హైదరాబాద్‌లో ఉండగానే మొదలవుతోంది. టికెట్లు ఖరారు కాకముందే ఇళ్ల వెబ్‌సైట్ జిల్లో తెరిచి, ఏ ఇంటి పక్కన ఏ బడి ఉంది, దానికి పదికి ఎంత రేటింగ్ ఉంది అని చూస్తారు. గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఇచ్చే అంకె అది. ఎనిమిదికి తగ్గితే ఆ పేట జాబితాలోంచి పోయినట్టే. తొమ్మిది ఉన్న బడి కోసం తోడబుట్టిన అక్క ఇంటికి ముప్పావుగంట దూరంలో కాపురం పెట్టిన కుటుంబాలు డాలస్ చుట్టుపక్కల కనబడతాయి. చిన్నపిల్లలున్న ఇంటికి ఈ లెక్క సరికాదు. మొదటి రెండు మూడేళ్లలో ఆ ఇల్లు నిలదొక్కుకోవడానికి బడి రేటింగ్ కంటే అయినవాళ్ల గడప ఎంత దూరమన్నదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఆ రేటింగుల్లో పెద్ద వాటా పరీక్షల మార్కులది. బాగా చదువుకుని బాగా సంపాదించే తల్లిదండ్రులున్న చోట మార్కులు ఎలాగూ ఎక్కువే వస్తాయని, అందులో బడి గొప్పతనం ఎంతో తేల్చలేమని అమెరికాలోనే చాలాకాలంగా విమర్శ ఉంది. అదలా ఉంచినా, నాలుగేళ్ల పిల్లకు ఐదో తరగతి మార్కులతో ఏం పని? డాలస్ ఉన్న టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌లో చేరాలంటే సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండాలి. నాలుగు రోజులు ఆలస్యంగా పుట్టిన పిల్ల మరో ఏడాది ఆగాల్సిందే. అప్పటిదాకా డేకేర్‌కు నెలకు వెయ్యి డాలర్లు దాటడం మామూలు సంగతి. అయితే ఇంగ్లిషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని నాలుగేళ్ల పిల్లలకు ఆ రాష్ట్రంలో కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి అయిన ప్రభుత్వ ప్రీ-కె ఉచితంగా పొందే అర్హత ఉంది. తెలుగు తప్ప మరొకటి తెలియకుండా దిగిన పిల్లకు ఇది వరం. ఈ మాట విమానం దిగకముందే చెవిన వేసేది ఎవరంటే, పదేళ్లుగా అక్కడే ఉన్న అక్కో వదినో.

అసలు కష్టం జ్వరంతో మొదలవుతుంది. బడికో డేకేర్‌కో కొత్తగా వెళ్లే పిల్లలు మొదటి ఏడాది తరచూ జబ్బు పడతారు. ఒంటి వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే పిల్లను ఇంటికి పంపేస్తారు. మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేదంటేనే మళ్లీ రానిస్తారు. అంటే మంగళవారం మధ్యాహ్నం ఫోన్ వస్తే బుధవారం కూడా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, చాలాసార్లు గురువారం కూడా. తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగాల్లో ఉంటే, అదీ చేరి రెండు నెలలే అయితే, ఆ ఫోన్ ఎత్తడానికే గుండె దడ. అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది కానీ అది జీతం లేని సెలవు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో, ఏడాది సర్వీసు పూర్తయిన వాళ్లకే. మామూలు జలుబు జ్వరాలు చాలావరకు దాని కిందికి రానే రావు. 2017 సవరణ తర్వాత 26 వారాల జీతంతో ప్రసూతి సెలవు చట్టంలో ఉన్న దేశం నుంచి వెళ్లిన తల్లికి, అలాంటి జాతీయ చట్టం అక్కడ లేదన్న సంగతి వెళ్లాకే పూర్తిగా తెలిసొస్తుంది.

బడిలో చేర్చేటప్పుడు నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది. తల్లిదండ్రులు అందుబాటులో లేకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, పిల్లను ఎవరి చేతికి అప్పగించవచ్చు అని అడుగుతుంది. అయినవాళ్లు దగ్గర లేని కుటుంబం అక్కడ ఆగిపోతుంది. అపార్టుమెంట్లో పైవాటాలో ఉండే, ఇంకా సరిగ్గా పరిచయం కాని ఆఫీసు సహోద్యోగి పేరు రాయాలా? రాసినా ఆయన్ని మధ్యాహ్నం రెండింటికి రమ్మనగలమా? పిన్ని ఉన్న ఇంట్లో ఆ గడి క్షణంలో నిండుతుంది. అంతటితో అయిపోదు. టెక్సస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్ల లోపు పిల్లలు, నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు దాటితే తప్ప, కారులో చైల్డ్ సీట్లోనే కూర్చోవాలి. కాబట్టి పిన్ని కారు వెనక సీట్లోనూ ఒక బూస్టర్ బిగించి ఉండాలి. దగ్గరగా ఉండే కుటుంబాలను గమనిస్తే ఇదే కనబడుతుంది: రెండు ఇళ్ల కార్లలోనూ అందరి పిల్లలకూ సీట్లు, రెండు ఇళ్ల ఫ్రిజ్‌లలోనూ అందరి పిల్లల జ్వరం మందులు. బంధుత్వం నిత్యజీవితంలోకి వచ్చేది ఇలాంటి ఏర్పాట్లతోనే.

అయినవాళ్లకు దగ్గరగా ఉండాలన్న ఈ ఆలోచన తెలుగువాళ్లకు కొత్త కాదు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయినప్పుడు కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు బోధన్, వర్ని ప్రాంతాలకు కదిలారు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక గంగావతి, సింధనూరు వైపు వెళ్లారు. ఒంటరిగా వెళ్లినవాళ్లు తక్కువ. ముందు ఒకరు పొలం చూసి రమ్మంటే వెనక బావమరుదులు, తోడల్లుళ్లు వెళ్లారు. అలా ఏర్పడిన ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. పురుడొస్తే, పంట పోతే, రాత్రివేళ ఎద్దు జబ్బు పడితే పక్కింటి తలుపు తట్టగలగడమే ఆ వలసను నిలబెట్టింది.

అమెరికాలో కొంతకాలం చట్టమే ఈ పని చేసింది. 1965 వలస చట్టం పౌరసత్వం వచ్చినవాళ్లు తోడబుట్టినవాళ్లను రప్పించుకునే దారి తెరిచింది. తొలితరం డాక్టర్లు, ఇంజనీర్లు చాలామంది తమ్ముళ్లను, చెల్లెళ్లను అలాగే పిలిపించుకున్నారు. ఇప్పుడు ఆ వరుసలో భారతీయులు పదిహేనేళ్లకు పైగా నిలబడాలి. అన్న దరఖాస్తు పెడితే, వంతు వచ్చేసరికి తమ్ముడి పిల్లలు పెళ్లీడుకొస్తారు. అందుకే నేటి తరంలో ఎవరి వీసా వాళ్లది, ఎవరి ఉద్యోగం వాళ్లది. దగ్గరగా ఉండటమన్నది ఇప్పుడు దానంతట అది జరగదు, పట్టుబట్టి ఎంచుకోవాలి. డాలస్ ప్రాంతం ఆ ఎంపికకు వీలిస్తుంది. 2000లో దాదాపు 34 వేల జనాభా ఉన్న ఫ్రిస్కో 2020 నాటికి రెండు లక్షలు దాటింది. అక్కడ నలుగురిలో ఒకరికి పైగా ఆసియా మూలాలున్నవాళ్లే. కార్యసిద్ధి హనుమాన్ గుడి, తెలుగు వంటకాల హోటళ్లు, పిల్లల డాక్టర్లు, అన్నీ ఉన్నాయి. అయినా శనివారం గుడిలో కనబడే వెయ్యి మంది తెలుగువాళ్లు వేరు, బుధవారం మధ్యాహ్నం జ్వరంతో ఉన్న పిల్లను తెచ్చే ఒక్క మనిషి వేరు.

దగ్గరగా ఉండమన్నారని ఒకే ఇంట్లో ఉండిపోవడం మాత్రం పొరపాటు. దిగిన కొత్తలో తప్పదు. క్రెడిట్ చరిత్ర లేదని అపార్టుమెంటువాళ్లు అదనపు డిపాజిట్ అడుగుతారు. భారత లైసెన్సు చూపిస్తే టెక్సస్ లైసెన్సు చేతికి రాదు, పరీక్షలకు కూర్చోవాలి. ఫ్రిస్కో డాలస్ రవాణా సంస్థ డార్ట్‌లో సభ్య నగరం కాదు కాబట్టి సిటీ బస్సు మీద ఆధారపడి బతకడం కుదరదు. పాలకూ బావగారి కారే, బ్యాంకుకూ బావగారి కారే. రెండు వారాలు సంబరంగా ఉంటుంది. నాలుగో వారం దాటాక అక్క పిల్లాడి గదిలో పరుపు వేసుకున్న ఇద్దరు చిన్నపిల్లలు, పొద్దున ఆరింటికి ఒకటే స్నానాల గది దగ్గర ఆరుగురు, డిష్‌వాషర్‌లో ఏ గిన్నె వెయ్యాలో వెయ్యకూడదో తెలియని మరదలు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఇల్లు ఇరుకైపోతుంది, మాటలు తగ్గిపోతాయి. అక్కడితో చెడిన బంధం పదేళ్లయినా అతుక్కోని ఇళ్లున్నాయి.

ఇందులో బడికి సంబంధించిన చిక్కు కూడా ఉంది, చాలామంది ముందుగా గమనించనిది. చిరునామాను బట్టే బడి. అక్క ఇంట్లో ఉంటున్నామని, ఆమె సంతకంతో నివాస పత్రం ఇచ్చి పిల్లాణ్ని ఆ పరిధిలోని బడిలో చేరుస్తారు. రెండు నెలల తర్వాత దొరికిన అపార్టుమెంటు రోడ్డుకు అవతల, మరో బడి పరిధిలో ఉంటుంది. ఇంగ్లిషు ఇప్పుడిప్పుడే నోట పలుకుతున్న పిల్లాడు, టీచరు పేరు కూడా సరిగ్గా అలవాటు కాకముందే, మళ్లీ కొత్త బడి గుమ్మంలో నిలబడాలి. ఇల్లు చూసుకునేటప్పుడే అక్క ఇంటి బడి పరిధి గీతలు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి, ఆ గీతల లోపలే అద్దె ఇల్లు పట్టడం మేలు. రెండు గదుల చిన్న అపార్టుమెంటైనా సరే. బావ పిల్లలు ఎక్కే బస్సే వీళ్లూ ఎక్కితే మొదటి నెల ఏడుపు సగం తగ్గుతుంది.

ఈ దగ్గరితనం ఖర్చు ఎవరి మీద పడుతుందన్న మాట ఇళ్లలో ఎవరూ ఎత్తరు. ఎత్తాలి. భర్త ఉద్యోగ వీసా వెంట వచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లిన ఇల్లాలికి వెంటనే ఉద్యోగం చేసే వీల్లేదు. 2015లో వచ్చిన నిబంధన ప్రకారం పని అనుమతి దొరికేది సాధారణంగా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఐ-140 దశ దాటాకే. ఆమె ఇంట్లోనే ఉంటుంది కదా అని ఉద్యోగం చేసే తోడికోడలి పిల్లలూ ఆమె దగ్గరికే చేరతారు. పొద్దున ఏడున్నరకు ఒక పిల్ల, మూడింటికి ఇంకో ఇద్దరు. డబ్బు తీసుకుని చూసుకునే వీలు ఆమె వీసాకు లేదు. ఇటు బీటెక్ చదివి, ఐదేళ్లు ఉద్యోగం చేసిన మనిషి ఏడాది గడిచేసరికి రెండు ఇళ్లకు జీతం లేని ఆయాగా మిగులుతుంది. కొన్నిచోట్ల ఇది తిరగబడుతుంది: ముందునుంచీ ఉన్న అక్క, కొత్తగా వచ్చిన చెల్లి కుటుంబాన్ని బ్యాంకులు, బీమా, డాక్టర్లు, టీకాల కాగితాలంటూ తిప్పీ తిప్పీ తన సెలవులన్నీ ఖర్చు చేసుకుంటుంది. రెండూ అన్యాయమే. జ్వరం వచ్చిన రోజు చూసుకోవడం బంధుత్వం. ఏడాది పొడవునా రోజూ చూసుకోవాలంటే దానికి కూర్చుని మాట్లాడుకుని చేసుకున్న ఒప్పందం ఉండాలి, ప్రతిఫలంగా ఆమె సమయం ఆమెకు మిగలాలి. శనివారాలు పిల్లలందరూ రెండో ఇంటికి వెళ్లి, ఆమె కోర్సో లైసెన్సు పరీక్షో చూసుకునేలా. ఈ మాట మగవాళ్లు ముందు ఎత్తితే బాగుంటుంది, ఎందుకంటే ఆడవాళ్లు ఎత్తితే దానికి వేరే పేర్లు పెడతారు.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు మాత్రం ఇద్దరు పిల్లలూ ఒకేచోట ఉండటం కలిసివస్తుంది. సందర్శక వీసా మీద సాధారణంగా ఒకసారికి ఆరు నెలలే ఉండనిస్తారు. కొడుకు డాలస్‌లో, కూతురు న్యూజెర్సీలో ఉంటే ఆ ఆరు నెలలు రెండు ముక్కలై, మధ్యలో విమానం మార్చడానికి చక్రాల కుర్చీలు, సామాన్లు. ఒకే ఊళ్లో ఉంటే తాతయ్య పొద్దున ఒక ఇంట్లో కాఫీ తాగి, సాయంత్రం ఇంకో ఇంట్లో మనవళ్ల చేత గుణింతాలు దిద్దిస్తారు. కెనడా ఈ విషయంలో ముందడుగు వేసింది. 2011లో సూపర్ వీసా తెచ్చి, 2022 నుంచి తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు ఒక్కసారికి ఐదేళ్లు ఉండేలా మార్చింది. అమెరికాలోని తెలుగు సంఘాలు మహాసభల వేదికల మీద చేసే తీర్మానాల్లో ఇలాంటిదొకటి గట్టిగా అడిగితే ఎంతో మంది తల్లులకు ఊరట.

బంధువులు దగ్గరుంటే పిల్లలకు తెలుగు దానంతటదే నిలుస్తుందన్న నమ్మకం ఒకటుంది. అది నిజం కాదు. బావలు, మరదళ్లు కలిస్తే వాళ్లలో వాళ్లు ఇంగ్లిషులోనే మాట్లాడుకుంటారు, పెద్దపిల్లలు చిన్నవాళ్లను అటే లాగుతారు. భాషా పరిశోధకురాలు లిలీ వాంగ్ ఫిల్‌మోర్ 1991లో అమెరికాలోని వెయ్యికి పైగా వలస కుటుంబాలను పరిశీలించి, చిన్న వయసులో ఇంగ్లిషు బడిలో పడ్డ పిల్లలు ఇంటి భాషను త్వరగా వదిలేస్తున్నారని, కొన్నేళ్లకు తల్లిదండ్రులతో మనసులో మాట చెప్పుకునే భాషే మిగలడం లేదని రాశారు. రెండు భాషలు మాట్లాడితే మాటలు ఆలస్యమవుతాయని భయపడి ఇంట్లో తెలుగు మానేసే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ భయానికి ఆధారం లేదని అమెరికా వాక్ చికిత్స నిపుణుల సంఘం స్పష్టంగా చెబుతోంది. తాతయ్యా అమ్మమ్మా ఉన్న ఆరు నెలలూ ఇంట్లో తెలుగే వాడటం, 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి వారాంతపు తరగతులకు రెండు ఇళ్ల పిల్లల్నీ కలిపి పంపడం పట్టుదలతో చెయ్యాల్సిన పనులు.

ఇంత చెప్పినా ఒక ప్రశ్న మిగులుతుంది. మనం అక్క కోసం ఫ్రిస్కోకు వెళ్తే, రేపు అక్కే కదిలిపోతే? హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి 60 రోజులే గడువు. ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లాల్సిందే. అక్క బావలు గ్రీన్‌కార్డో పౌరసత్వమో వచ్చి స్థిరపడినవాళ్లా, తమలాగే వీసా మీద ఉన్నవాళ్లా అన్నది చూసుకునే ఊరు ఎంచుకోవాలి. వాళ్లది స్థిరమైన ఇల్లయితే, తమ ఉద్యోగం పోయినా పిల్లల బడి ఏడాది మధ్యలో ఆగిపోకుండా నెలా రెండు నెలలు ఆ ఇల్లు ఆసరా అవుతుంది. వాళ్లదీ వీసానే అయితే ఉద్యోగాలు దండిగా ఉన్న ఊరు చూసుకోవడం ఇద్దరికీ మేలు.

ఏదైనా సరే, మొదటి ఏడాది ఇల్లు కొనే తొందర వద్దు. అద్దె ఒప్పందాలు మామూలుగా 12 నెలలవి. ఆ 12 నెలల్లో రెండు ఇళ్ల మధ్య ఎన్ని జ్వరాలు, ఎన్ని పండుగలు, ఎన్ని చిన్న అలకలు నడిచాయో చూశాక, ఆ పది నిమిషాల దూరం అలాగే ఉంచాలా, ఐదుకు తగ్గించాలా, ఇరవైకి పెంచాలా అని రెండు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. బడి రేటింగ్ సంగతి పిల్ల మూడో తరగతికి వచ్చాక చూసుకోవచ్చు.