కుక్రీ కొనేముందు పిడి చూడండి

పోయిన సంక్రాంతికి ఊరెళ్తూ బ్యాగులో ఒక కుక్రీ పట్టుకెళ్ళాను. గూర్ఖాలు నడుముకి పెట్టుకుంటారే, ముందుకి వంగి ఉంటుంది, అదే. నల్లపాడు దాటాక మాకు రెండెకరాల మిరప చేను ఉంది. చేను పక్కన కల్లం చేసుకునే జాగా అంతా సర్కారు తుమ్మ కమ్మేసింది. కోతలు మొదలయ్యేలోపు దాన్ని కొట్టేయకపోతే పండు మిరపకాయలు ఆరబోసుకోడానికి చోటుండదు. కూలీలు దొరకట్లేదని బాబాయి ఫోన్లో వాపోయాడు. ఇంకేముంది, మన బుర్ర ఎలా పనిచేస్తుందో మీకు తెలుసుగా... రాత్రి రెండింటిదాకా రివ్యూలు చదివి, స్టార్లు లెక్కపెట్టి, ఆర్డర్ కొట్టేశాను.

బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏందిరా ఇది, అద్దంలాగా మెరుస్తా ఉంది. దీంతో చెట్టు కొట్టాలా, మొహం చూసుకోవాలా?" అన్నాడు. నేను నవ్వేసి కొట్టడం మొదలుపెట్టా. నాలుగో దెబ్బకి కత్తి పిడిలోంచి ఊడి, బాబాయి మోకాలికి జానెడు దూరంలోంచి వెళ్ళి పడింది. పిడి మాత్రం నా చేతిలోనే ఉంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఆ పిడి పగలగొట్టి చూస్తే లోపల రెండంగుళాల ఇనుప ముక్క, దాని చుట్టూ జిగురు. అంతే! అన్ని రివ్యూలు చదివాను, అన్ని ఫొటోలు చూశాను. వాటిల్లో కనపడని భాగం అదొక్కటే.

ఇక్కడ తప్పు కుక్రీది కాదండి. నేపాల్లో అది రోజూ పనికొచ్చే వస్తువు. రైతు దాంతోనే కట్టెలు కొడతాడు, కూరలు తరుగుతాడు. 1815 నుంచీ గూర్ఖాలు బ్రిటిష్ సైన్యంలో చేరడంతో దానికి యుద్ధం పేరొచ్చింది. ఒరలోంచి తీస్తే రక్తం చూడకుండా పెట్టకూడదనేది ఉత్త కబుర్లు. అదే నిజమైతే ఉల్లిపాయ తరిగే ప్రతివాడూ వేలు కోసుకోవాలి.

దాని బలమంతా ఆ వంపులో ఉంది. బరువు ముందుకి ఉండటం వల్ల కత్తి తనంతట తానే దిగుతుంది, చిన్న గొడ్డలిలాగా అన్నమాట. మంచి పనివాళ్ళు దాన్ని పాత లారీ, జీపు కమాన్ కట్టలతో చేస్తారు. ఎర్రగా కాల్చి, కెటిల్‌తో అంచు మీద మాత్రమే నీళ్ళు పోస్తారు. దాంతో అంచు గట్టిపడుతుంది, వెన్ను కొంచెం మెత్తగా ఉండి దెబ్బని తట్టుకుంటుంది. షోకేసులో పెట్టుకునే స్టెయిన్‌లెస్ కత్తికి ఈ తతంగమేమీ ఉండదు.

అందుకని, కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇది. మొదట పిడి చూడండి. కత్తి ఇనుము పిడి చివరిదాకా వెళ్ళాలి. రెండువైపులా చెక్క వేసి రివెట్లు కొట్టి ఉంటే కంటికే తెలుస్తుంది. లోపలినుంచి సన్నగా వెళ్ళే రకమైతే చివర బయటికొచ్చి, అక్కడ సాగగొట్టి ఉండాలి. ఉత్త జిగురు మీద ఆధారపడిందైతే గోడకి తగిలించుకోండి. రెండోది, ఆకురాయితో గీసి చూడండి. అంచు మీద జారినట్టుండాలి, వెన్ను మీద పట్టుకోవాలి. రెండుచోట్లా ఒకేలా అరిగిపోతే ఆ అంచుకి పదును నిలవదు. మూడోది బరువు. మనవాళ్ళకి లాప్‌టాప్ కొన్నా, కారు కొన్నా అన్నిటికన్నా పెద్దదే కావాలి. పది పదకొండు అంగుళాల కత్తి చాలు. కిలో బరువున్నదాన్ని గంటసేపు ఊపితే మణికట్టు పడిపోతుంది. అలిసిపోయిన చేతిలో కత్తి కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

ఇంకో సంగతి. ఆయుధాల చట్టం కింద 1962లో చేసిన నిబంధనల్లో, తొమ్మిదంగుళాల కన్నా పొడవు లేదా రెండంగుళాల కన్నా వెడల్పున్న కత్తుల జాబితాలో కుక్రీ పేరు రాసి మరీ పెట్టారు. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని మినహాయించారు. కాబట్టి పొలం కోసం కొన్నదాన్ని పొలంలోనే ఉంచండి. కారు డిక్కీలో వేసుకుని ఊరంతా తిరక్కండి.

ఇంతకీ మా సర్కారు తుమ్మ ఏమైందంటే... మర్నాడు బాబాయి నన్ను కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కొలిమి దగ్గర మూలన పడున్నవేమిటో తెలుసా? లారీ కమాన్ కట్టలు! నేను కొరియర్ ఛార్జీలు కట్టి నేపాల్ నుంచి తెప్పించుకోవాలనుకున్న ఉక్కు అదే. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఏం కొట్టాలి?" రెండోది, "ఎవరు కొడతారు?" పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఆ రెండు ప్రశ్నలూ ఆర్డర్ కొట్టేముందు నాకు తట్టలేదు.

తుమ్మకి పొట్టి కత్తి పనికిరాదట. చెయ్యి ముళ్ళలోకి పోతుంది. పొడుగు కర్రకి బిగించిన వంపు కత్తి ఒకటి, కొమ్మని ఎత్తిపట్టడానికి పంగల కర్ర ఒకటి కావాలన్నాడు. పిడి కర్ర ఎంత పొడుగుండాలో బాబాయి ఎత్తు చూసి చెప్పాడు. అయినా పైన కొడితే అది మళ్ళీ చిగురేస్తుంది. ఎప్పుడో 1870ల్లో కడప జిల్లాలో కట్టెల కోసమని తెచ్చి నాటిన చెట్టు ఇది, ఇవాళ్టికీ మనల్ని వదల్లేదు. మొదలు చుట్టూ తవ్వి, భూమి లోపలికంటా కోస్తేనే చస్తుంది. ఆ పనికి గునపం, గొడ్డలి కావాలి గానీ కుక్రీ కాదు.

కుక్రీ కొనొద్దని చెప్పట్లేదు. ముళ్ళు తీసేశాక మణికట్టు లావు కొమ్మల్ని ముక్కలు చెయ్యడానికి మంచి కుక్రీని మించింది లేదు. నేను మళ్ళీ కొంటాను కూడా, ఈసారి పిడి చూసి. నా బాధల్లా ఒకటే. పట్నంలో కూర్చుని పనిముట్టు కొనేది మనం, ఎండలో దాన్ని ఊపేది ఊళ్ళో బాబాయిలు, కూలీలు. స్టార్లు ఇచ్చేది మనం, మోకాలు వాళ్ళది. అందుకే ఆర్డర్ కొట్టేముందు ఊరికి ఒక ఫోన్ చేసి, ఏం కొట్టాలో, ఎవరు కొడతారో అడగండి. దగ్గర్లో కమ్మరి కొలిమి ఇంకా వెలుగుతుంటే ముందు అక్కడికి వెళ్ళండి. ఆయన కొడుకు ఇప్పటికే హైదరాబాదులో డ్రైవర్‌గా చేస్తున్నాడట. ఆ కొలిమి ఆరిపోతే ఆ రెండు ప్రశ్నలు అడిగేవాళ్ళు కూడా ఉండరు.

ఊడిపోయిన ఆ కత్తి? బాబాయి దాన్ని మా ఇంటి చూరులో దోపాడు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా చూపించి నవ్వుతాడు. నాకు మాత్రం ఇంకా నవ్వు రావట్లేదు.