దాతల దయ కాదు, ఖజానాలో వాటా కావాలి

యిప్పుడు యెక్కడ విన్నా దాతల మాటే. 2025 ఉగాది రోజున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'పి4' అని వొక కార్యక్రమం మొదలుపెట్టింది. పైనున్న పది శాతం సంపన్నులు కిందనున్న యిరవై శాతం పేదల్ని దత్తత తీసుకోవాలట. తీసుకునేవాడు 'మార్గదర్శి', దత్తతకు పోయే యిల్లు 'బంగారు కుటుంబం'. పేర్లు బానే వున్నాయి. ఆ పది శాతం వూళ్ళో యే వీధుల్లో వుంటారో, ఆ యిరవై శాతంలో యెక్కువమంది యే వాడల్లో, యే తండాల్లో వుంటారో చెప్పటానికి సర్వే అక్కర్లేదు. దత్తత అనేది దిక్కులేని పిల్లకి. మనం దిక్కులేనివాళ్ళం కాదు. మనకు రెక్కలున్నాయి. లేనిది భూమి, పెట్టుబడి, చదువు. అవి యెందుకు లేవన్న ప్రశ్న మాత్రం యీ దత్తత మాటల్లో యెక్కడా వినపడదు.

యిచ్చే చేతిని నెట్టెయ్యమని మేం చెప్పటం లేదు. అయితే ఆ చెయ్యి యెటు యిస్తోంది, యెవరి లెక్కకు కట్టుబడి యిస్తోంది అని అడగాలి. సర్కారు బళ్ళలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు, తండ్రి పేరు, వూరి పేరు రాసి వుండటం అందరం చూసిందే. ఆ ఫ్యాను తిరగాలంటే కరెంటు బిల్లు కట్టాలి. దాని కింద పాఠం చెప్పటానికి పంతులు వుండాలి. ఆ రెండూ యే దాతా యివ్వడు. అవి ఖజానా నుంచే రావాలి. ఖజానా చెయ్యి ముడుచుకుంటే మిగిలేది పేరున్న ఫ్యాను, పంతులు లేని గది.

యీ తగాదా కొత్తది కాదు. 1932లో పూనా ఒప్పందం అయిన వెంటనే గాంధీగారి ప్రోద్బలంతో అస్పృశ్యతా నివారణకు వొక సంఘం పుట్టింది. అదే హరిజన సేవక సంఘం అయింది. అధ్యక్షుడు బిర్లా. బాబాసాహెబ్ అంబేద్కర్ ఆ నవంబరులో కార్యదర్శి ఠక్కర్‌కి వుత్తరం రాశారు. మందులు పంచటం, స్కాలర్‌షిప్పులు పంచటం దగ్గర ఆగొద్దు, బావి దగ్గర, బడి దగ్గర పౌరహక్కు కోసం పోరాడండి, పనిలో సమాన అవకాశం యిప్పించండి అని అడిగారు. బొంబాయి మిల్లుల్లో నేత విభాగంలోకి మనవాళ్ళని రానివ్వని సంగతి కూడా అందులో యెత్తారు. ఆయన అడిగింది సంఘం చెవికెక్కలేదు. పెత్తనంలో మనవాళ్ళకి చోటూ దక్కలేదు. యిది సవర్ణులు అప్పు తీర్చుకోవటం కాబట్టి సంఘాన్ని వాళ్ళే నడపాలని గాంధీగారి వాదన. అప్పు యెంతో, యెప్పటిలోగా తీర్చాలో అప్పు పడ్డవాడే నిర్ణయిస్తే, యిచ్చినవాడి గతేంటి? 1932లో అడిగిన ఆ ప్రశ్నకి యిప్పటిదాకా జవాబు రాలేదు.

సరే, యీ సంపన్నులు సంపన్నులెట్లా అయ్యారో కూడా చూద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట. 1955లో పునాది వేసి 1967లో నీళ్ళు వదిలిన నాగార్జునసాగర్. వీటిని యే దాతా కట్టలేదు, సర్కారు సొమ్ముతో కట్టారు. మట్టి తట్టలు మోసిన తలల్లో మన తలలు యెన్నో. నీళ్ళు పారింది మాత్రం యెక్కువగా వాళ్ళ పొలాల్లోకి. దానికి తోడు సహకార పరపతి, సబ్సిడీ యెరువులు, సర్కారు ధాన్యం కొనుగోళ్ళు, సర్కారు కాలేజీల్లో ఇంజనీరింగు చదువులు. పొలం మిగులు సినిమా హాలయింది, కాంట్రాక్టయింది, కంపెనీ అయింది, అమెరికా ప్రయాణమయింది. తప్పని మేం అనటం లేదు. ప్రజల సంస్థలు గట్టిగా నిలబడితే మనుషులు లేస్తారని అదే రుజువు. వాళ్ళకి నీళ్ళిచ్చినప్పుడు దాన్ని యెవరూ దానం అనలేదు, అభివృద్ధి అన్నారు. మనదాకా వచ్చేసరికి అదే అభివృద్ధి దానం యెందుకయింది?

మన పెద్దలకి దానం విలువ తెలీక కాదు. భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి హైదరాబాదు వాడల్లో బళ్ళు పెట్టుకుంటూ పోయారు. అవి 26 దాకా పెరిగాయి. 1930లలో నిజాం ప్రభుత్వం వాటిని తన చేతికి తీసుకుంది. యిదీ దానం నడవాల్సిన దారి. ముందు సంఘం పునాది వేస్తుంది, తర్వాత సర్కారు మెడలు వంచి దాన్ని శాశ్వతం చేయిస్తుంది. బాబాసాహెబ్ 1913లో అమెరికా వెళ్ళింది కూడా బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద. తిరిగొచ్చి పదేళ్ళు సంస్థానంలో పనిచేయాలని రాతపూర్వక ఒప్పందం రాసిచ్చి వెళ్ళారు. అది భిక్ష కాదు, ఒప్పందం. యెస్సీ విద్యార్థులకు 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు యే సేఠ్‌జీ దయా కాదు, ఖజానా సొమ్ము. యివాళ వాడల్లో కనిపించే మొదటి తరం పంతుళ్ళు, నర్సులు, బ్యాంకు గుమాస్తాలు చాలామంది ఆ స్కాలర్‌షిప్పుతో, సర్కారు హాస్టల్ అన్నంతో తయారైనవాళ్ళే. 2014లో ఎవరెస్టు యెక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే.

ఆ సంస్థల గతి యిప్పుడేంటి? తెలంగాణలో 2024లో హాస్టల్ మెస్ చార్జీలు పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి దాకా పిల్లకి నెలకి 950 వున్నది 1,330 చేశారు. సంతోషం. కానీ లెక్క కట్టండి: పెంచాక కూడా రోజుకి 44 రూపాయలు. అందులోనే టిఫిను, రెండుపూటల అన్నం, గుడ్డు, పండు. యెస్సీ కార్పొరేషన్ 1974లో పుట్టింది. మనవాడికి పెట్టుబడి యిప్పించటానికే దాన్ని పెట్టారు. అప్లికేషన్ పెట్టినవాడు కార్పొరేషన్ ఆఫీసుకీ బ్యాంకుకీ మధ్య చెప్పులరిగేలా తిరిగితే బ్యాంకు మేనేజరు ష్యూరిటీ యేదీ అంటాడు. ష్యూరిటీ వుంటే మనవాడు కార్పొరేషన్ గడప యెందుకు తొక్కుతాడు?

సబ్‌ప్లాన్ సంగతీ అంతే. యేళ్ళ తరబడి పోరాడితే 2013లో చట్టం వచ్చింది. జనాభా యెంతో నిధుల్లో వాటా అంత అన్నది దాని సారం. తెలంగాణ 2017లో కొత్త చట్టం చేసి, ఖర్చు కాని డబ్బు మరుసటి యేడు కలపాలని రాసుకుంది. ఆంధ్రలో పదేళ్ళ గడువు ముగుస్తుంటే 2023 జనవరిలో పొడిగించారు. కాగితం మీద అంతా వుంది. మరి అందరికీ యిచ్చే పథకాల్లో మనకొచ్చే భాగాన్ని కూడా సబ్‌ప్లాన్ పద్దులో రాసి లెక్క తేల్చేస్తుంటే ఆ చట్టం యెందుకు? ఢిల్లీలో 2010 కామన్వెల్త్ ఆటలకు యెస్సీల నిధులు మళ్ళిన సంగతి పార్లమెంటులోనే రచ్చయింది. మన సొమ్ము ఆటలకి, మనకేమో దాతలా!

యిక కంపెనీల సంగతి. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు గడచిన మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని చట్టం. యెక్కడ పెట్టాలో కంపెనీ బోర్డే తేలుస్తుంది. సబ్‌ప్లాన్‌లో వున్నట్టు జనాభా వాటా అన్న మాట అందులో లేదు. ఆ కంపెనీల ఉద్యోగాల్లో రిజర్వేషనూ లేదు. గేటు బయట నోటు పుస్తకాలు పంచి గేటు లోపలికి రానివ్వకపోతే, బాబాసాహెబ్ చెప్పిన బొంబాయి నేత విభాగానికీ దీనికీ తేడా యేంటి?

కాబట్టి మా డిమాండ్లు యివి:

1. మార్గదర్శులు యిచ్చేది యింటికి విడివిడిగా వద్దు. హాస్టళ్ళకీ గురుకులాలకీ యెస్సీ కార్పొరేషన్‌కీ యివ్వండి. దాత ముఖం చూసి దండం పెట్టాల్సిన అవసరం పిల్లకి వుండకూడదు.

2. వచ్చిన ప్రతి రూపాయి హాస్టల్ గోడ మీద రాయాలి. ఉపాధి హామీ పనులకి చేస్తున్నట్టే దీనికీ సోషల్ ఆడిట్ జరగాలి. కమిటీలో తల్లులు, హాస్టల్ పాత విద్యార్థులు వుండాలి.

3. దాతలు యిచ్చారని బడ్జెట్లో వొక్క పైసా తగ్గించకూడదు. మెస్ చార్జీలు యేటా ధరలతో పాటు పెరగాలి.

4. సబ్‌ప్లాన్ డబ్బు నేరుగా యెస్సీల కోసం పెట్టిన ఖర్చుకే లెక్క కట్టాలి. మిగిలిన డబ్బు మరుసటి యేడుకి కలపటం రెండు రాష్ట్రాల్లోనూ నిజంగా అమలు కావాలి.

5. సామాజిక బాధ్యత గురించి మాట్లాడే ప్రతి కంపెనీ తన ఉద్యోగుల్లో యెస్సీ, యెస్టీలు యెందరో బయటపెట్టాలి.

సర్కారును అడిగే నోటితో మన ఉద్యోగుల్నీ అడుగుతున్నాం. సంఘం రుణం తీర్చాలని కాన్షీరామ్ వూరూరా తిరిగి చెప్పింది మనకే. హాస్టల్ అన్నం తిని జీతగాళ్ళమయ్యాం. యేటా వొక రోజు జీతం మనం చదివిన హాస్టల్‌కి యివ్వలేమా? ఏప్రిల్ 14న దండలు వేసి, తెల్లారి అంబేద్కర్ భవనానికి తాళం వేయటం చాలిద్దాం. ఆ తాళం తీసి పిల్లలకి సాయంత్రం చదువు పెడదాం. కార్పొరేషన్ ఫారం నింపలేని అన్నకీ అక్కకీ అక్కడే కూర్చుని నింపి పెడదాం. యిది దయ కాదు, బాకీ.

దాత మనసు మారితే దానం ఆగుతుంది. చట్టంలో రాసుకున్న వాటా, మనం కాపలా కాసిన సంస్థ అట్లా ఆగవు. వచ్చే గ్రామసభకి మీ మండలం హాస్టల్ లెక్కలు అడిగే అర్జీ పట్టుకుని వెళ్ళండి. వొక్కరు కాదు, పదిమంది కలిసి వెళ్ళండి.

జై భీమ్!